పండుగప్పతో పందెం!

నెల్లూరు వాళ్లకు అది పులుసులో తెలుసు, వేపుడులో తెలుసు. అదే చేపను గాలానికి పట్టినందుకు ఆస్ట్రేలియాలో ఓ కుర్రాడికి పది లక్షల డాలర్లొచ్చాయి! చేపల వేటను ఆటగా, పోటీగా చూసే లోకం ఒకటుంది. ఆ ఆటకు కావాల్సిన చేప, నీళ్లు, నేర్పే గురువులు... అన్నీ నెల్లూరు తీరంలోనే ఉన్నాయి.

తెల్లవారుజామున నాలుగున్నర. మైపాడు ఒడ్డున ఫైబర్ బోట్లు ఒక్కొక్కటిగా అలల్ని చీల్చుకుంటూ లోపలికి పోతుంటాయి. ఆ సమయంలో ఒడ్డు మీద ఓ మనిషి ఒంటరిగా నిలబడి, పొడవాటి కర్రతో గాలం విసురుతూ, చుట్టుకుంటూ, మళ్లీ విసురుతూ కనిపించాడనుకోండి... వల బాగుచేసుకుంటున్న పెద్దాయన కాసేపు చూసి, ‘ఏంది సామీ, వల లేదా?’ అని అడగడం ఖాయం. ఆ ప్రశ్నలో వెటకారం కన్నా జాలే ఎక్కువ. ఇక్కడ వేటంటే బతుకు. ఒక్కో చేప కోసం గంటలకొద్దీ నిలబడటం, అది దొరికాక కొలత తీసుకుని మళ్లీ నీళ్లలోకే వదిలెయ్యడం ఈ తీరానికి అర్థంకాని వ్యవహారం.

కానీ ప్రపంచంలో చాలాచోట్ల ఇదో పెద్ద క్రీడ. అమెరికాలో ‘వాల్‌ఐ’ అని ఓ మంచినీటి చేప ఉంది. మిన్నెసోటా రాష్ట్రం 1965లోనే దాన్ని తమ రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. దాని కంటిలోపల అద్దంలాంటి పొర ఉంటుంది. అందుకే మసక వెలుతురులోనూ ఎరను పసిగడుతుంది. ఆ చేప కోసం పెద్దపెద్ద సరస్సుల మీద టోర్నమెంట్లు జరుగుతాయి. ఉదయం అందరూ ఒకేసారి బయల్దేరాలి, చెప్పిన వేళకు తిరిగి రావాలి, పట్టిన చేపల్ని తూకం వేయించాలి. ఆలస్యమైతే బరువులో కోత. అక్కడ కొత్తగా ఆటలోకి దిగేవాళ్లకు ఓ చక్కటి దారి కూడా ఉంది. సొంత పడవ అక్కర్లేదు. తక్కువ రుసుము కట్టి, చీటీలో పేరొచ్చిన ఆరితేరిన ఆటగాడి పడవలో వెనక సీట్లో కూర్చోవచ్చు. రోజంతా అతని పక్కనే ఉండి చూసి నేర్చుకోవచ్చు. మన పాతకాలపు గురుకులం లాంటిదే... కాకపోతే నీళ్ల మీద!

వాల్‌ఐ మన దగ్గర లేదు. దానికి ఏమాత్రం తీసిపోని చేప మాత్రం ఉంది. అదే పండుగప్ప.

మగగా పుట్టి... ఆడగా మారి!

పండుగప్పను కోల్‌కతాలో భెట్కి అంటారు, తమిళంలో కొడువా, మలయాళంలో కాళాంజి. ఆస్ట్రేలియా వాళ్ల నోట అది బర్రముండి. పేరేదైనా చేప ఒక్కటే. వెండిరంగు ఒళ్లు, ఎత్తయిన వీపు, పెద్ద నోరు. దీని కళ్లూ వెలుతురు పడితే చీకట్లో మెరుస్తాయి. ఉప్పునీటిలో, మంచినీటిలో, రెండూ కలిసే చోట... ఎక్కడైనా బతుకుతుంది. సముద్రం ఉప్పదనం ఉన్న మొగల దగ్గర గుడ్లు పెడుతుంది. పిల్లలు పోటు నీళ్లతోపాటు కాలువల్లోకీ మడుగుల్లోకీ ఎక్కి అక్కడ పెరుగుతాయి. ఏరు సముద్రంలో కలిసే చోటే మొగ. ఈ చేప జాతకమంతా ఆ మొగ చేతిలోనే ఉంది.

ఇంకో విచిత్రం. పండుగప్పల్లో దాదాపు అన్నీ ముందు మగవే. కొన్నేళ్లు అలా పెరిగి, బాగా పెద్దయ్యాక ఆడవిగా మారతాయి. అంటే బజారులో ‘అబ్బ, ఎంత పెద్ద పండుగప్పో’ అని మనం ముచ్చటపడే చేప చాలావరకు తల్లి చేపే! లక్షల సంఖ్యలో గుడ్లు పెట్టగలిగేది అదే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 58 సెంటీమీటర్ల కన్నా చిన్న పండుగప్పనే కాదు, 120 సెంటీమీటర్లు దాటినదాన్ని కూడా ఇంటికి తీసుకెళ్లనివ్వరు. చిన్నది ఇంకా పెరగాలి, పెద్దది ఇంకా కనాలి అన్నది వాళ్ల లెక్క.

అదే దేశం ఉత్తరాన ఉన్న నార్తర్న్ టెరిటరీలో డాలీ నది మీద ఏటా బర్రా క్లాసిక్, బర్రా నేషనల్స్ అనే పోటీలు జరుగుతాయి. జట్లు జట్లుగా వచ్చి రోజుల తరబడి పడవల్లో తిరుగుతారు. చేపను పట్టాక కొలత పలక మీద పెట్టి పొడవు రాసుకుంటారు. తర్వాత నీళ్లలోకి వదిలేస్తారు. 2015లో అక్కడే ‘మిలియన్ డాలర్ ఫిష్’ అని ఇంకో సరదా మొదలైంది. కొన్ని పండుగప్పలకు నంబరు చీటీలు తగిలించి నదుల్లో వదులుతారు. చాలా చీటీలకు పది వేల డాలర్లు. కొన్నిటికి మాత్రం ఏకంగా పది లక్షలు! ఏళ్లు గడిచినా ఆ పెద్ద బహుమతి చేప ఎవరి గాలానికీ తగల్లేదు. చివరికి 2024 డిసెంబరులో ఓ కుర్రాడికి చిక్కింది. మన రూపాయల్లో ఐదు కోట్ల పైమాటే. నెల్లూరు చేపల మార్కెట్లో కిలోల లెక్కన తూచే చేపకు అంత వైభోగం!

పోటుతోపాటు వస్తుంది

ఉమ్మడి నెల్లూరు జిల్లా తీరం పొడవు 169 కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడిపోయాక సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి కానీ... సముద్రానికి ఆ గీతలు తెలియవు. పండుగప్పకు అసలే తెలియవు.

ఈ తీరంలో గాలం ఆట మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది సముద్రాన్ని కాదు, సముద్రం లోపలికి వచ్చే దారుల్ని. విడవలూరు మండలంలో ఊటుకూరు దగ్గర పెన్నమ్మ సముద్రంలో కలుస్తుంది. కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరు లోపలికంటా పాకి ఉంటుంది, అక్కడక్కడా మడచెట్లు కనిపిస్తాయి. ఇంకా దక్షిణానికి పోతే స్వర్ణముఖి, ఆ తర్వాత పులికాట్. వీటన్నిటినీ దారంతో పూసలు గుచ్చినట్టు కలుపుతూ బకింగ్‌హాం కాలువ. ఒకప్పుడు ఉప్పు, ధాన్యం, కట్టెలు మోసిన పడవలతో కళకళలాడిన ఆ కాలువ ఇప్పుడు చాలాచోట్ల గుర్రపుడెక్కకీ పూడికకీ లోకువైపోయింది. అయినా పోటు తగిలే చోట్ల చేపలకది ఇంకా రహదారే.

ఈ తీరంలో పోటు ఎత్తు ఎక్కువ కాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా మీటరుకు అటూఇటూ. మొగల దగ్గర ఆ మీటరే చాలు. పోటు ఎక్కేటప్పుడు చిన్న పరిగెలు, రొయ్యలు లోపలికొస్తాయి. ఆటు మొదలై నీళ్లు వెనక్కి లాగేటప్పుడు అవి కాలువల్లోంచి బయటికి జారతాయి. అక్కడే ఏ రాయి చాటునో, పడిపోయిన చెట్టు పక్కనో, వంతెన స్తంభం నీడలోనో పండుగప్ప కాపు కాస్తుంది. ఇది వెంటపడి వేటాడే రకం కాదు. పొంచి ఉండి, నోరు ఒక్కసారిగా తెరిచి, ఎరను నీళ్లతో సహా లోపలికి పీల్చేస్తుంది. ‘టప్’మన్న చప్పుడు ఒడ్డుకి వినిపిస్తుంది. ఆ చప్పుడు ఒక్కసారి విన్నవాళ్లు ఇంటికి పోబుద్ధి కాదంటారు.

సప్తమి, అష్టమి రోజుల్లో పోటు మందగిస్తుంది. నీళ్లు కదలకపోతే చేపా కదలదు. అందుకే గాలం వేసేవాళ్లకు వాతావరణ సూచనతో పాటు ఇంట్లోని పంచాంగం క్యాలెండరూ అవసరమే. వేళ విషయానికొస్తే తెల్లవారుజాము, సందె చీకటి. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఎండదెబ్బ తప్ప ఇంకేదీ తగలదు.

మొదట కర్ర... తర్వాత మెళకువ

కొత్తవాళ్లు చేసే ఖర్చంతా తళతళలాడే ఎరబొమ్మల మీదే పెడతారు. నిజానికి డబ్బు పెట్టాల్సింది దారం మీద. పండుగప్ప పెదవులు గరుకు కాగితంలా ఉంటాయి. మొప్పల పక్కన ఎముక అంచు చాకులా పదునుగా ఉంటుంది. గాలం తగలగానే నీళ్లలోంచి పైకెగిరి తల విదిలిస్తుంది. ఆ విదిలింపులో సన్నటి దారం పుటుక్కుమంటుంది. అందుకే పది పదిహేను కిలోల లాగుడు తట్టుకునే అల్లిన దారం, దాని చివర రెండు మూరల మందపాటి నైలాన్ దారం కట్టుకోవాలి. ఆరేడడుగుల కర్ర, మధ్యరకం రీలు చాలు. కొన్ని వేల రూపాయల్లో పని అయిపోతుంది. మొదటి ఏడాదే ఖరీదైన విదేశీ సరుకు కొనడం శుద్ధ దండగ.

కర్ర కొన్నాక నేరుగా ఏటికి పోనక్కర్లేదు. గాలం తీసేసి, చిన్న సీసం గుండు కట్టుకుని, ఊరి బయట ఖాళీ మైదానంలో విసరడం నేర్చుకోవచ్చు. ఓ పాత టైరు పెట్టుకుని, ఇరవై అడుగులు వెనక్కి నడిచి, పదిసార్లు విసిరితే అయిదుసార్లు దాంట్లో పడేదాకా సాధన చెయ్యాలి. పోటీల్లో నెగ్గేది ఎక్కువ దూరం విసిరేవాళ్లు కాదు, అనుకున్న చోట విసిరేవాళ్లు. పిల్లలకిది భలే ఆట. వీడియో గేముల దగ్గర్నుంచి లేపడానికి ఇంతకన్నా మంచి ఉపాయం దొరకదు.

ముళ్లు రెండు నేర్చుకుంటే సరిపోతుంది... గాలానికి దారం కట్టే ముడి, దారానికి దారం కలిపే ముడి. ఈ రెండూ వలలు అల్లే ఇళ్లలో పదేళ్ల పిల్లలకి కూడా కళ్లు మూసుకుని వచ్చు. వాళ్లను అడగడంలో నామోషీ ఏమీ లేదు.

పట్టిన చేపను వదిలెయ్యడం కూడా ఓ విద్యే. పొడి చేతులతో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. చేతులు తడుపుకోవాలి. దవడ పట్టి నిలువుగా వేలాడదీసి ఫొటో దిగడం చాలామంది చేసే పని. పెద్ద చేపకు అలా చేస్తే దవడా వెన్నూ దెబ్బతింటాయి. ఓ చెయ్యి కడుపు కింద పెట్టి అడ్డంగా ఎత్తాలి. కొలిచి, ఫొటో తీసి, గబగబా నీళ్లలో పెట్టి, అది తనంతట తాను తోక ఆడించేదాకా పట్టుకోవాలి. లోపలికంటా మింగకుండా దవడ మూలన తగిలే గుండ్రటి గాలాలు వాడితే చేపకు గాయం తక్కువ.

నెల్లూరులో అందరికన్నా కష్టమైన పాఠం ఇదే. నాలుగు కిలోల పండుగప్పను వదిలేసి వచ్చానని ఇంట్లో చెప్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మామిడికాయ ముక్కలు తరిగి, చింతపండు నానబెట్టి కూర్చున్న అమ్మకు సమాధానం చెప్పడం ఏ టోర్నమెంటు నిబంధనల్లోనూ లేదు! మధ్యేమార్గం ఒకటుంది. మధ్యరకంవి ఒకటో రెండో ఇంటికి, చిన్నవీ పెద్దవీ ఏటికి. పులుసుకు ఆ మధ్యరకమే రుచి కూడానూ.

గురువులు ఒడ్డునే ఉన్నారు

అమెరికా పోటీల్లో కొత్తవాళ్లు కూర్చునే వెనక సీటు సంగతి చెప్పుకున్నాం కదా. అలాంటి సీటు నెల్లూరు తీరంలో ఏ పడవలోనైనా దొరుకుతుంది. పట్టపువారు, పల్లెకార్లు, యానాదులు... తరతరాలుగా ఈ నీళ్లు చదివినవాళ్లు. యానాదులైతే కాలువల్లో చేతులతోనే చేపలు పట్టేస్తారు. ఏ రంగు నీళ్ల కింద ఇసుకుంది, ఏ రంగు కింద బురదుంది, గాలి ఎటు తిరిగితే మొగలో అల ఎలా లేస్తుంది... ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. ఓ రోజు పడవకీ మనిషికీ న్యాయంగా కూలి ఇచ్చి వెంట వెళ్లడం కన్నా మంచి చదువు లేదు. అక్కడ బేరాలాడటం మాత్రం పద్ధతి కాదు. వాళ్లు ఆ రోజు వేట మానుకుని వస్తున్నారు మరి.

ఊళ్లోకి అడుగుపెట్టగానే పెద్దల్ని కలవాలి. ఈ తీరంలో చాలా మత్స్యకార గ్రామాలకు ‘కాపులు’ అనే పెద్దలుంటారు. ఫలానా రోజు వేటకు పోవద్దని వాళ్లు దురాయి వేశారంటే పడవ కదలదు. పులికాట్‌కు తమిళనాడు వైపున్న కొన్ని ఊళ్లలో ‘పాడు’ అనే పద్ధతి ఉంది. ఏ రోజు ఎవరు ఏ చోట వల వెయ్యాలో చీటీలు తీసి వంతులు పంచుకుంటారు. మంచి చోటు ఎప్పుడూ ఒకరికే దక్కకుండా, చోటు కోసం కొట్టుకోకుండా చేసుకున్న ఏర్పాటది. అమెరికా సరస్సుల మీద చీటీలు తీసి పడవలకు వరసలు కేటాయించడం కొత్త సంగతేమీ కాదన్నమాట!

మర్చిపోకూడని నియమాలు ఇంకొన్ని. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. మోటారు పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. ఆ రెండు నెలలూ పని లేని కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో ఇరవై వేల రూపాయలైంది. పులికాట్, నేలపట్టు పక్షుల అభయారణ్యాల పరిధిలో అటవీశాఖను అడగకుండా గాలం తియ్యకూడదు. కృష్ణపట్నం రేవు హద్దుల్లోకీ, శ్రీహరికోట రాకెట్ కేంద్రం వైపూ వెళ్లే ఆలోచనే వద్దు. మైపాడు, కోడూరు తీరాల్లో అలలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ కాళ్ల కింద ఇసుకను లాగేస్తాయి. మోకాళ్ల లోతు దాటి నిలబడి గాలం వెయ్యడం ప్రాణాలతో చెలగాటం. పడవెక్కితే లైఫ్ జాకెట్ తప్పనిసరి.

మొగ మూసుకుంటే...

దుగరాజపట్నం అనే ఊరు వాకాడు మండలంలో ఉంది. మద్రాసు నగరం పుట్టకముందే, 1626లో, ఆంగ్లేయులు ఇక్కడ స్థావరం పెట్టుకున్నారు. ఆర్మగాన్ అని పిలుచుకున్నారు. ఇప్పుడు ఆ వైభవం ఆనవాళ్లు వెతుక్కోవాల్సిందే. ఊరికి దగ్గర్లోనే రాయదొరువు మొగ ఉంది. పులికాట్ సరస్సు ఉత్తర భాగానికి సముద్రం నీళ్లు అందాల్సిన దారి అది. కొండూరుపాళెం దగ్గర మరొకటి.

చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. పేరు పెద్దదే కానీ సగటు లోతు మీటరే. అలలు ఇసుకను తెచ్చి మొగల్లో పోస్తుంటే లోపలికొచ్చే నీరు తగ్గిపోతోంది. ఎండాకాలంలో ఆంధ్రా వైపు మైళ్ల కొద్దీ ఎండి బీటలువారుతుంది. మిగిలిన నీళ్లు సముద్రం కన్నా ఉప్పగా మారతాయి. రొయ్య పిల్ల రాదు, చేప పిల్ల రాదు. పడవలు ఎండలో బోర్లా పడుకుంటాయి. మగవాళ్లు పనుల కోసం చెన్నై దారి పడతారు. మొగల్లో ఇసుక తోడించమని ఇక్కడి ఊళ్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాయి. ఒకసారి తోడితే సరిపోదు... అల మళ్లీ తెచ్చి పోస్తుంది. తోడుతూనే ఉండాలి, ఇసుక మళ్లీ చేరకుండా రాళ్లకట్టలు వెయ్యాలి. అది ఒక్క ఏడాది బడ్జెట్టుతో తేలే పని కాదు.

చెరువుల్లో పెంచుకోవచ్చు కదా అనొచ్చు. పెంచుతున్నారు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ, సీబా, 1997లో పండుగప్పతో హేచరీలో గుడ్లు పెట్టించింది. అప్పట్నుంచి పిల్లలు చెరువుల దాకా వస్తున్నాయి. చిన్నప్పుడు ఒకదాన్నొకటి మింగేసే రకం కాబట్టి సైజుల వారీగా విడదీస్తూ పెంచాలి. కొత్తగా గాలం పట్టినవాళ్లు ఎవరైనా తెలిసిన రైతును బతిమాలుకుని అలాంటి చెరువు గట్టున చెయ్యి తిప్పుకోవచ్చు. కానీ మొగలో పెరిగిన చేపకున్న పొగరు చెరువు చేపకు రాదు. ఆటకు కావాల్సింది ఆ పొగరే.

2001లో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ మొదలైనప్పుడు పక్షుల కోసం జనం అంతదూరం వస్తారా అని అనుమానపడ్డవాళ్లున్నారు. కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో మళ్లీ జరిగినప్పుడు కూడా భీములవారిపాళెం దగ్గర పడవ ఎక్కడానికి కుటుంబాలు బారులు తీరాయి. పక్షికి పండుగ చేసినట్టే పండుగప్పకూ చెయ్యొచ్చు. అభయారణ్యం హద్దుకు బయట, ఏ పెన్న మొగ దగ్గరో, పట్టి కొలిచి వదిలే పోటీ పెట్టొచ్చు. ప్రతి ఆటగాడి పడవలో ఓ స్థానిక మత్స్యకారుడు గైడుగా ఉండాలనీ, ఆ రోజు కూలి నిర్వాహకులే ఇవ్వాలనీ నిబంధన పెడితే ఊరికి నాలుగు రూపాయలొస్తాయి. పనిలో పనిగా ఏ మొగలో ఎంత పొడవు చేపలు ఎన్ని తగిలాయో ఏటా ఓ లెక్క తయారవుతుంది. మొగలో ఇసుక తోడాలని అడగడానికి ఊరి చేతిలో ఆ కాగితం ఉంటుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు... నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట మూడూ చెన్నై–విజయవాడ రైలు మార్గంలోనే ఉన్నాయి. నెల్లూరు నుంచి మైపాడుకు, కృష్ణపట్నానికి బస్సులున్నాయి. తెల్లవారే వేళకు ఒడ్డున ఉండాలంటే సొంత బండి మేలు. అక్టోబరు, నవంబరుల్లో ఈ తీరానికి వానలు, తుపాన్లు. ఏటి నీరు పోటెత్తి మొగల్ని తెరిచేది అప్పుడే కాబట్టి వాటిని ఆపమని ఎవరూ కోరుకోరు. వాన వెలిశాక, డిసెంబరు చివర్నుంచి మార్చి దాకా పగటి ఎండ హాయిగా ఉంటుంది. టోపీ, మంచినీళ్లు, గాలం ఊడదీసే పటకారు, కొలత టేపు బ్యాగులో పెట్టుకోవాలి. వేలికి గాలం గుచ్చుకుంటే పనికొచ్చే మందుల పెట్టె కూడా.